గాలికి లేవని షెడ్డు: విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఇనుప గ్యారేజీ, వర్క్‌షాపు కట్టుకునే విధానం

ఇంటి పెరట్లో కారుకు ఒక నీడ, దాని పక్కనే బెంచి వేసుకుని రంపం, గ్రైండరు, వెల్డింగు మిషను పెట్టుకునేందుకు కాస్త చోటు కావాలనుకునేవారు మన ప్రాంతంలో చాలామందే ఉన్నారు. ఇటుక గోడలు కట్టి స్లాబు పోయడం కంటే ఇనుప స్తంభాలు నిలిపి రేకులు కప్పుకోవడం త్వరగా పూర్తవుతుంది, రేపు ఇల్లు పెంచుకోవలసి వస్తే విప్పి మరో చోట నిలుపుకోవచ్చు. అయితే విజయవాడ, గుంటూరు పరిసరాల్లో షెడ్డు ఎక్కువగా దెబ్బతినేది కప్పు బరువుకు కుంగి కాదు. తుపాను గాలి దాన్ని పైకి లాగుతుంది, లేదా పునాది కింద నల్లరేగడి ఉబ్బి స్తంభాన్ని కదిలిస్తుంది. షెడ్డు తేలికగా ఉంటుంది కనుక దాన్ని నేలకు పట్టి ఉంచడమే ఇక్కడ అసలు పని. ఈ వ్యాసంలో పునాదికి, బిగింపులకు ఎక్కువ చోటు ఇచ్చి, మిగిలిన విషయాలను అవసరమైనంత మేరకే చెబుతాను.

నా మొదటి షెడ్డును గుంటూరు పడమటి వైపు కాలనీలో ఒక ఫిట్టరు మాట మీద కట్టించాను. రెండడుగుల గుంత తీసి, పైపు నిలబెట్టి, చుట్టూ కాంక్రీటు కుక్కారు. తొలి వానాకాలం దాటేసరికి షట్టరు వైపు స్తంభాల్లో ఒకటి వేలి మందం పైకి లేచింది, షట్టరు గైడులో ఇరుక్కుపోయింది. తరువాత 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజున నైరుతి మూల రేకులు నాలుగు ఊడి పక్కవారి ప్రహరీ మీద పడ్డాయి. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ రేకులను ఏరి తెచ్చి చూస్తే ప్రతి స్క్రూ రంధ్రమూ సాగి, చిరిగి ఉంది. స్క్రూలు మాత్రం పర్లిన్లలో (రేకులను మోసే అడ్డ పైపుల్లో) చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి. అంటే స్క్రూలు ఊడలేదు, రేకే వాటిని దాటుకుని వెళ్లిపోయింది. రెండవసారి కట్టినప్పుడు ఇంజనీరుతో లెక్క వేయించుకుని, ప్రతి పనినీ దగ్గరుండి చూసుకుని నేర్చుకున్న విషయాలనే ఇక్కడ రాస్తున్నాను.

స్థలం, కొలతలు, అనుమతి

ఒక కారు, దాని పక్కన పని బెంచి, వెనుక సామాను పెట్టుకునే అరలు అమరాలంటే 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు సరిపోతాయి. ఇది 600 చదరపు అడుగులు, అంటే దాదాపు 67 గజాలు. కారు నిలిపే భాగానికి 12 అడుగుల వెడల్పు వదలండి, ఎందుకంటే తలుపు పూర్తిగా తెరిచి పక్కన కూర్చుని చక్రం విప్పుకోగలగాలి. షట్టరు 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉంటే నేటి ఎత్తైన వాహనాలు కూడా ఇబ్బంది లేకుండా లోపలికి వస్తాయి. పక్క గోడల ఎత్తు 12 అడుగులకు తగ్గించకండి. వేసవిలో ఆ ఎత్తే మిమ్మల్ని కాపాడుతుంది.

షెడ్డు పొడుగు వైపు తూర్పు పడమరలుగా ఉంటే ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ పొట్టి గోడల మీదే పడతాయి, పెద్ద గోడలు ఉత్తర దక్షిణాలకు తిరిగి ఉంటాయి. మన ఇళ్లలో వాస్తు ప్రస్తావన తప్పకుండా వస్తుంది. ఈశాన్యాన్ని ఖాళీగా ఉంచి, వాహనాన్ని వాయవ్యంలో గాని ఆగ్నేయంలో గాని పెట్టాలన్నది సాధారణంగా వినిపించే మాట. పై కొలతలకు అది అడ్డు రాదు కనుక, ఇంట్లో పెద్దల మాటను పనికి ముందే విని నిర్ణయించుకోవడం మేలు. స్తంభాలు నిలిపాక మార్పులు చేయడం మాత్రం చాలా కష్టం.

ఇనుప షెడ్డు కట్టడాల కిందికి రాదనే భావన చాలామందిలో ఉంది. అది పొరపాటు. ప్రహరీకి, ఇంటికి మధ్య వదిలిన సెట్‌బ్యాకు స్థలంలో రేకుల షెడ్డు వేసినా నగరపాలక సంస్థ అభ్యంతరం చెప్పవచ్చు. కాగితం మీద నక్షా గీయించి, మీ వార్డు సచివాలయంలోని ప్రణాళికా కార్యదర్శికి చూపించి, అనుమతి అవసరమో కాదో ముందే తెలుసుకోండి. అదే సమయంలో తలెత్తి పైకి చూడండి. వీధిలోని 11 కిలోవోల్టుల తీగ మీ కప్పుకు పైనుంచి వెళుతుంటే కనీసం 3.7 మీటర్ల ఎత్తు తేడా, పక్కనుంచి వెళుతుంటే 1.2 మీటర్ల దూరం ఉండాలి. ఆరు మీటర్ల పైపును భుజాన వేసుకుని తిరిగే ఫిట్టరుకు ఈ తీగ కనబడదు. ఆ జాగ్రత్త ఇంటి యజమానే తీసుకోవాలి.

గాలి లెక్క

భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగంలో విజయవాడకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు అదే ప్రమాణంలో 44 మీటర్లు మాత్రమే ఉంది. కనుక హైదరాబాదులో ఎవరో కట్టిన షెడ్డు చూసి అదే డ్రాయింగు ఇక్కడ వాడుకోవడం సరికాదు. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 50ని 50తో హెచ్చించి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, మన వాడుక లెక్కలో చదరపు అడుగుకు సుమారు 14 కిలోలు వస్తాయి. ఇంజనీరు దీన్ని మీ వీధిలోని భవనాలు, కప్పు వాలు, తలుపుల స్థానాన్ని బట్టి సవరిస్తాడు. అయినా తొలి అంచనాకు ఈ అంకె చాలు.

పది అడుగులకు ఒక స్తంభం చొప్పున రెండు వైపులా నాలుగేసి, మొత్తం ఎనిమిది స్తంభాలు వస్తాయి. నడిమి స్తంభం ఒక్కొక్కటి వంద చదరపు అడుగుల కప్పును మోస్తుంది. దాని మీద గాలి పైకి లాగే బలం 1,400 కిలోలు. ఆ వంద అడుగుల మేర రేకులు, పర్లిన్లు, ట్రస్సు (కప్పును మోసే త్రికోణపు చట్రం) అన్నీ కలిపి తూచినా 200 కిలోలకు మించవు. మిగిలిన 1,200 కిలోలను పునాది తన బరువుతో కిందికి లాగి ఉంచాలి. పునాది అనగానే కప్పును మోసేదని అనుకుంటాం. ఇక్కడ దాని పని లంగరు పని.

పునాది

మూడున్నర అడుగుల చదరం, ఒక అడుగు మందం ఉన్న ఫుటింగు (పునాది అడుగు దిమ్మ), దాని మీద అడుగు చదరపు పెడస్టల్ (స్తంభం నిలిచే కాంక్రీటు దిమ్మ), పైన మూడడుగుల మట్టి ఉన్నాయనుకుందాం. ఘనపు అడుగు కాంక్రీటు 68 కిలోలు, గట్టిగా దిమ్మిస వేసిన మట్టి దాదాపు 48 కిలోలు. అన్నీ కలిపితే 2,600 కిలోలు దాటుతాయి కనుక మామూలు రోజుల్లో రెండింతల భరోసా ఉన్నట్టే. కాని నేల నీటిలో మునిగితే నీరు ప్రతి ఘనపు అడుగుకు 28 కిలోల చొప్పున పైకి తేలుస్తుంది. అప్పుడు అదే పునాది బరువు 1,300 కిలోల దగ్గరకు పడిపోతుంది. 1,200 కిలోల లాగుడుకు అది ఇంకా చాలుతుంది. ఫుటింగును మూడడుగుల చదరానికి తగ్గిస్తే మునిగినప్పుడు సుమారు 960 కిలోలే మిగులుతాయి, అది చాలదు. అర అడుగు దగ్గర ఆదా చేస్తే పోయేది ఇదే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు మునిగిన తరువాత, నీళ్లూ గాలీ ఒకేసారి రావనే ధీమాతో విజయవాడలో ఎవరూ పునాది వేయకూడదు.

ఈ ఫుటింగు కృష్ణా ఒడ్డున ఒండ్రు, ఇసుక కలిసిన నేలల్లో బాగా నిలుస్తుంది. గుంటూరు వైపు నల్లరేగడిలో సంగతి వేరు. మే నెలలో ఆ నేలలో పడిన బీటలో మూడడుగుల ఇనుప చువ్వను దించి చూడండి, ఎక్కడా తగలకుండా పిడికిలి దాకా దిగిపోయే చోట్లు కనబడతాయి. ఆ బీటలన్నీ వానాకాలంలో మూసుకుపోతాయి, అంటే నేల అంత మేర ఉబ్బుతుంది. ఆ ఉబ్బే పొరలోనే పునాదిని ఆపితే అది ఏటా లేచి దిగుతూ ఉంటుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ ఇలాంటి నేలల కోసం రూపొందించిన అండర్-రీమ్డ్ పైలు ఇక్కడ సరైన మార్గం. చేతితో తిప్పే ఆగరుతో సుమారు 12 అడుగుల లోతు బొరియ తీసి, అడుగున దాన్ని గంట ఆకారంలో వెడల్పు చేసి, కమ్మీల బుట్ట దించి కాంక్రీటు పోస్తారు. ఆ వెడల్పు అడుగు భాగం ఉబ్బని పొరలో చిక్కుకుని ఉంటుంది కనుక గాలి లాగినా, మట్టి లేపినా స్తంభం కదలదు. పైళ్లను కలిపే బీముకు, నల్లమట్టికి మధ్య కనీసం మూడంగుళాల ఖాళీ వదలాలి. మేస్త్రీలు ఆ ఖాళీని చూసి పనితనపు లోపమని మట్టి కూరేస్తుంటారు. ఆ రోజు దగ్గరుండి ఆపించండి.

తవ్వకానికి ముందు గుర్తులు వేసేటప్పుడు మూలమట్టం ఒక్కదానినే నమ్మకుండా రెండు కర్ణాలనూ టేపుతో కొలవండి. 20, 30 అడుగుల దీర్ఘచతురస్రానికి కర్ణం 36 అడుగుల మీద ముప్పావు అంగుళానికి కాస్త తక్కువ రావాలి, రెండు కర్ణాలూ సమానంగా ఉండాలి. అవి సమానంగా లేకపోతే చివరన రేకు అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి, ఆ వంకరను తరువాత ఎవరూ సరిచేయలేరు.

కాంక్రీటు ఎం20, అంటే ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర. పలుగు పెట్టి కదిలిస్తే సరిపోతుందని అంటారు గాని, వైబ్రేటరును అద్దెకు తీసుకోవడమే మంచిది. పోసే ముందే పునాది బోల్టులను స్థానంలో పెట్టాలి. ఒక్కో స్తంభానికి 20 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు, అడుగున వంపు తిరిగినవి, రెండడుగుల పొడవున్నవి తీసుకోండి. స్తంభం అడుగున ఉండే బేస్ ప్లేటుకు ఎలా రంధ్రాలు చేశారో అదే కొలతలతో ప్లైవుడ్ ముక్కకు రంధ్రాలు చేసి, ఆ ముక్కలోంచి బోల్టులు దింపి, రసమట్టంతో సరిచూసి కాంక్రీటు పోస్తే తరువాత గ్యాసుతో రంధ్రాలు సాగదీసే అవసరం రాదు. బోల్టు మరలకు గ్రీజు రాసి గుడ్డ చుట్టండి. పాతిన పైపు చుట్టూ కాంక్రీటు పోసే పద్ధతి కంటే బేస్ ప్లేటు పద్ధతి మేలు, ఎందుకంటే పైపు నేలను తాకే చోటే అన్నిటికన్నా ముందు తుప్పు పడుతుంది.

క్యూరింగు విషయంలో రాజీ పడవద్దు. ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంటుకు కనీసం 10 రోజులు, మన ఎండల్లో 14 రోజులు గోనె పట్టాలు తడుపుతూ ఉండాలి. సంక్రాంతి వెళ్లగానే పునాది తవ్వడం మొదలుపెడితే, నేల మరీ తడిగా, మరీ పొడిగా లేని కాలం దొరుకుతుంది. ఉగాదికి కప్పు పడుతుంది, రోహిణి కార్తెకు ముందే నేల కాంక్రీటు కూడా అయిపోతుంది.

ఇనుము కొనడం, ఫ్రేము నిలపడం

నా రెండవ షెడ్డుకు ఇంజనీరు స్తంభాలకు 132 మిల్లీమీటర్ల చదరపు పైపు, 4.8 మిల్లీమీటర్ల మందం, పర్లిన్లకు 80, 40 కొలతల పైపు, 2.9 మిల్లీమీటర్ల మందం ఇచ్చాడు. పర్లిన్ల మధ్య దూరం నాలుగడుగులు. ఫిట్టరు అంతకు ముందు పర్లిన్లకు 16 గేజి, అంటే 1.6 మిల్లీమీటర్ల పైపు చాలన్నాడు. కప్పు బరువుకైతే అది చాలుతుంది, గాలి లాగుడుకు చాలదు. మీ షెడ్డు కొలతలకు తగిన లెక్కను స్ట్రక్చరల్ ఇంజనీరుతో వేయించుకోండి. మొత్తం ఖర్చులో ఆ రుసుము చిన్న భాగమే.

ఇనుము కిలోల లెక్కన అమ్ముతారు గనుక తూకమే మీ సాక్షి. 80, 40 పైపు 2.9 మందంతో ఆరు మీటర్ల పొడవుకు 30 కిలోల చుట్టుపక్కల తూగాలి. 22 కిలోలే తూగితే అది 2 మిల్లీమీటర్ల పైపు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ కొట్టుకు వెళ్లినా కాటా ఉంటుంది. ఒక పైపును విడిగా కాటా మీద పెట్టమని అడగండి, అంచున మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూడండి, పైపు మీద ఐఎస్ 4923 ముద్ర ఉందేమో చదవండి. ఇలా అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు, నిజాయితీగా అమ్మేవారు తామే కాటా దగ్గరకు తీసుకెళతారు.

పైపుల మీద నూనె పొరను థిన్నరుతో తుడిచి, తుప్పు పొలుసును వైరు బ్రష్షుతో గీకి, నిలపడానికి ముందే నేల మీదనే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేయించండి. పైకెక్కాక వేసే రంగు పర్లిన్ల పైముఖానికి ఎప్పటికీ అందదు. వెల్డింగు చేసిన చోట్ల కాలిన రంగును గీకి మళ్లీ ప్రైమరు వేయాలి. పైపుల కొనలన్నిటికీ ప్లేటు ముక్క పెట్టి మూసివేయించండి, లేకపోతే లోపల చేరిన తేమ కనబడకుండా పైపును తినేస్తుంది. జింకు పూత ఉన్న పైపులను వెల్డు చేయవలసి వస్తే ఆ చోట పూతను ముందు గ్రైండు చేయాలి. జింకు పొగ పీల్చిన వెల్డర్లకు సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది.

ట్రస్సులు నిలబెట్టాక కొందరు వెంటనే రేకులు ఎక్కించేస్తారు. దానికి ముందు గోడల్లో, కప్పులో కనీసం ఒక్కో చివరి గడిలోనైనా ఏటవాలుగా బిగించే ఇనుప ఊతం (బ్రేసింగు) పడాలి. నాలుగు పుల్లలతో చేసిన చతురస్రం ఒక మూల నొక్కితే ఎలా వాలిపోతుందో, బ్రేసింగు లేని షెడ్డు గాలికి అలాగే వాలుతుంది. ఫిట్టర్లు ఎక్కువగా వదిలేసే పని ఇదే. తరువాత బేస్ ప్లేటు కింద అంగుళం సందును గట్టి గ్రౌటుతో (సిమెంటు ముద్దతో) నింపి, ప్రతి బోల్టుకు రెండేసి నట్లు బిగించాలి.

కప్పు, రేకులు, స్క్రూలు

పాత ఇళ్ల నుంచి విప్పిన సిమెంటు రేకులు చౌకగా దొరుకుతాయి గాని, వాటిలోని ఆస్బెస్టాస్ పోగు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కోస్తూ, రంధ్రాలు చేస్తూ పనిచేసే వర్క్‌షాపులో వాటికి చోటు లేదు. గాల్వాల్యూమ్ ప్రొఫైల్ రేకులు తీసుకోండి. వాటి పూతలో 55 శాతం అల్యూమినియం, మిగిలినది ఎక్కువగా జింకు, కొద్దిగా సిలికాన్ ఉంటాయి. మందం 0.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నా మొదటి షెడ్డులో చిరిగిన రేకులు 0.35వి.

20 అడుగుల వెడల్పుకు రెండు వాలుల కప్పు, నడిమధ్యన రెండడుగుల లేపు ఇస్తే నీరు చక్కగా జారుతుంది. రేకు మీద రేకు పడేటప్పుడు కొనల దగ్గర ఆరంగుళాలు, పక్కల ఒకటిన్నర మడత కప్పాలి. స్క్రూను రేకు మడత పైభాగంలోనే కొట్టాలి, నీరు నడిచే పల్లంలో కొట్టకూడదు. స్క్రూ కింద ఉండే నల్లని రబ్బరు వాషరును చూస్తే బిగింపు సరిగా ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ వాషరు లోహపు టోపీ అంచు వరకు వచ్చి ఆగాలి. టోపీ దాటి నాలుకలా బయటికి వస్తే ఎక్కువ బిగించినట్టు, అది రెండు వేసవుల్లో ఎండి పగిలి కారుతుంది. వేలితో తిప్పితే తిరిగితే తక్కువ బిగించినట్టు. ఎండ పొద్దున ఒక రకంగా, మధ్యాహ్నం మరో రకంగా ఉండటం వల్ల 30 అడుగుల ఉక్కు రోజూ నాలుగు మిల్లీమీటర్ల వరకు సాగి ముడుచుకుంటుంది. వదులుగా ఉన్న స్క్రూ రంధ్రాన్ని ఆ కదలికే పెద్దది చేస్తుంది.

గాలి లాగుడు కప్పు అంతటా ఒకేలా ఉండదు. అంచుల్లో, మూలల్లో, రెండు వాలులు కలిసే నడికప్పు దగ్గర చాలా ఎక్కువ. నడిమి భాగంలో ఒక మడత విడిచి ఒక మడతకు స్క్రూ వేసినా, చూరు నుంచి మూడడుగుల మేర, నాలుగు మూలల్లో ప్రతి మడతకూ స్క్రూ పడాలి. నా పాత షెడ్డులో ఊడినవి మూల రేకులే, అక్కడ స్క్రూలు నడిమి భాగంలో కంటే ఎక్కువ లేవు. చూరు బయటికి అడుగు కంటే ఎక్కువ సాగనివ్వకండి, దాని కింద గాలి పట్టుకుంటుంది.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజున షట్టరు దించి తాళం వేయడం కూడా కప్పును కాపాడే పనే. గాలి వచ్చే వైపు షట్టరు తెరిచి ఉంటే లోపలికి చొరబడిన గాలి కప్పును కిందనుంచి నెడుతుంది, బయటి గాలి పైనుంచి లాగుతుంది. ఈ రెండూ కలిసినప్పుడే కప్పులు మొత్తంగా లేచిపోతాయి.

గంటకు 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఈ కప్పు మీద 5,500 లీటర్లకు పైగా నీరు పడుతుంది. దాన్ని రెండు వైపులా ఆరంగుళాల గట్టర్లలో పట్టి, నాలుగంగుళాల గొట్టాలతో స్తంభాలకు దూరంగా కాలువకో, ఇంకుడు గుంతకో తీసుకెళ్లాలి. నల్లరేగడి నేలలో ఇది మరీ ముఖ్యం. చూరు నీళ్లు పునాది పక్కనే ఇంకితే పైన చెప్పిన ఉబ్బు అక్కడే మొదలవుతుంది. షెడ్డు చుట్టూ మూడడుగుల వెడల్పున సిమెంటు గచ్చు (ఏప్రన్) బయటికి వాలుగా వేయించండి.

నేల, వేడి, కరెంటు

నేల మట్టాన్ని వీధి మట్టానికి కనీసం అడుగున్నర ఎత్తులో పెట్టండి, మీ వీధిలో లోగడ నీరు ఎక్కడిదాకా వచ్చిందో పాత గోడల మీద మరక చూసి ఇంకా పెంచండి. లోపలి నల్లమట్టిని రెండడుగులు తీసేసి ఎర్ర గ్రావెలుతో నింపాలి. ఆరంగుళాలకు ఒక పొర చొప్పున తడిపి, దిమ్మిస వేస్తూ రావాలి. ఒకేసారి ట్రాక్టరు లోడు పోసి పైన నీళ్లు చల్లితే ఏడాదిలోపు కుంగుతుంది. దాని మీద పాలిథీన్ పట్టా పరిచి, ఎనిమిది అంగుళాల గడులతో 8 మిల్లీమీటర్ల కమ్మీల జాలి వేసి, ఆరంగుళాల కాంక్రీటు పోయాలి. షట్టరు వైపుకు వందకు ఒకటి వాలు ఉంటే కారు కడిగిన నీళ్లు బయటికి పోతాయి. మర్నాడే పదేసి అడుగులకు ఒక గాడి, మందంలో నాలుగో వంతు లోతున కోయించండి. కాంక్రీటు ఎలాగూ బీటలు తీస్తుంది, ఆ గాడి ఉంటే అందులోనే తీస్తుంది.

మే నెల మధ్యాహ్నం ఇక్కడ రేకు మీద చేయి పెట్టలేం. రేకు లేత రంగుదైతే, దాని కింద వేడిని ఆపే ఇన్సులేషను పరిస్తే, నడికప్పు మీద గాలికి తిరిగే వెంటిలేటర్లు రెండు పెట్టి పక్క గోడల అడుగున గాలి దూరే లూవర్లు ఇస్తే వేడిగాలి పైనుంచి పోతూ చల్లగాలి కిందనుంచి వస్తుంది. డబ్బు ఉంటే రెండు రేకుల మధ్య నురుగు నింపిన పఫ్ ప్యానెళ్లు ఇంకా మేలు. ఇన్సులేషను శీతాకాలంలోనూ పనికొస్తుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున ఉత్త రేకు అడుగున మంచు నీటిబొట్లుగా చేరి, సరిగ్గా బెంచి వైసు మీద, డ్రిల్లు టేబులు మీద రాలుతుంది. వారం రోజుల్లో మెరుపు పోయి ఎర్రమచ్చలు పడతాయి.

ఇనుప షెడ్డులో కరెంటు తప్పు జరిగితే షెడ్డు మొత్తం షాకు కొడుతుంది. అందుకని ఫ్రేమును విడిగా ఎర్తుకు కలపాలి, ఎర్తు గుంతను బొగ్గు, ఉప్పుతో కట్టించి వేసవిలో నీళ్లు పోస్తుండాలి. ఇంటి బోర్డు నుంచి విడి లైను తెచ్చి షెడ్డులోనే ఎంసీబీలు (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చులు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు లీకైతే ఆపే స్విచ్చు) పెట్టించండి. వెల్డింగు మిషనుకు ప్రత్యేక పాయింటు ఇచ్చి, మీ మీటరు లోడు చాలుతుందో లేదో విద్యుత్ శాఖ సిబ్బందిని ముందే అడగండి. వైర్లన్నీ పైపులో నడవాలి, రేకు కోసిన అంచుకు ఎక్కడా తగలకూడదు.

లోపలి అమరిక

బెంచిని ఉత్తరం గోడకు వేసి, దాని పైన రేకు బదులు పారదర్శక పాలికార్బొనేట్ షీటు ఒక పట్టీ పెడితే పగలంతా నీడ పడని వెలుతురు ఉంటుంది. బెంచి ఎత్తు మీరు నిలబడి చేయి దించినప్పుడు మణికట్టు దగ్గరకు రావాలి, వైసు దవడలు మోచేతి ఎత్తుకు రావాలి. గ్రైండరు నిప్పురవ్వలు కారు వైపుకు, పెయింటు డబ్బాల వైపుకు పోని మూలను చూసి బిగించండి, షట్టరు పక్కన చేతికందేలా నిప్పు ఆర్పే సిలిండరు వేలాడదీయండి. షట్టరు మూసి ఉంచి ఇంజను ఎప్పుడూ నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు.

రేకు గోడలు శబ్దాన్ని పెంచుతాయి. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్ల పరిమితి ఉంది, ఒక్క గ్రైండరు దాన్ని అనేక రెట్లు దాటేస్తుంది. పక్క ఇంటి గోడ వైపున్న రేకుకు లోపలి నుంచి ప్లైవుడ్ బిగించి మధ్యన శబ్దాన్ని పీల్చే రాక్‌వూల్ నింపితే కొంత తగ్గుతుంది. పరీక్షలకు చదువుకునే పిల్లలున్న ఇంటి పక్కన పనివేళలు మాట్లాడుకుని పెట్టుకోండి.

ప్రతి ఏడాదీ వానలకు ముందు ఒక ఉదయం నిచ్చెన వేసుకుని పైకెక్కి, మూలల్లోని స్క్రూల వాషర్లను ఒక్కొక్కటిగా చూడండి. పగిలిన వాటిని ఒక సైజు పెద్ద స్క్రూతో మార్చండి, గట్టరులో ఆకులు తీయండి, కిందికి దిగి బేస్ ప్లేటు నట్లకు పానా వేసి చూడండి. సెప్టెంబరు చివర, తుపానుల కాలం మొదలయ్యే ముందు, ఇదే పని మరొకసారి చేయాలి.